పండ్ల నుంచి తీసిన లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియాకి ఏ అమైనో ఆసిడ్ లేకపోతే నడవదు? ఒమిషన్ టెస్ట్ మొదటి నుంచి చివరి దాకా

ప్రాజెక్ట్ సీజన్ వచ్చిందంటే ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పిల్లల నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, జామపండు నుంచి ఎల్ఏబీ (లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా) తీశాను, 20 ట్యూబులు పెట్టి ఒక్కోదాంట్లో ఒక్కో అమైనో ఆసిడ్ తీసేశాను, అన్నిట్లోనూ పెరిగింది, ఇప్పుడు థీసిస్‌లో ఏం రాయాలి?" ఏమీ రాయొద్దు. ఆ ట్యూబులు కడిగేసి మళ్ళీ మొదలుపెట్టండి. (ఇలా ఒక్కో అమైనో ఆసిడ్ తీసేసి బ్యాక్టీరియా పెరుగుతుందా లేదా చూడటమే ఒమిషన్ టెస్ట్.)

అన్నిట్లోనూ పెరగడం వెనక కారణం చాలాసార్లు ఒకటే, మీరు పెరుగుదల అనుకున్నది పాత మీడియం నుంచి మోసుకొచ్చిన తిండి. ఎంఆర్ఎస్‌ (ఎల్ఏబీని మామూలుగా పెంచే మీడియం)లో పెప్టోన్, బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ తిని బలిసిన సెల్స్‌ని తెచ్చి కొత్త ట్యూబులో వేస్తే ఒక రోజు ఎలాగోలా గడిపేస్తాయి. అందుకే రెండో సారి మార్చిన ట్యూబు చూడకుండా ఏ అమైనో ఆసిడ్ గురించీ మాట్లాడొద్దంటాను. కింద రాసిందంతా ఆ రెండో ట్యూబు దాకా సరిగ్గా వెళ్ళడానికే.

1. మొదలుపెట్టే ముందు ఇవి ఉన్నాయా చూసుకోండి

- 20 అమైనో ఆసిడ్లు, అన్నీ ఎల్-ఫారమ్ (ప్రోటీన్లలో ఉండే రూపం; డీ దాని అద్దం బొమ్మ). డబ్బా మీద డీఎల్ అని ఉంటే అందులో సగమే ఎల్ అని గుర్తుపెట్టుకోండి, లెక్క అక్కడే తప్పుతుంది
- లైసిన్, హిస్టిడిన్, ఆర్జినిన్, సిస్టీన్ ఎక్కువగా హైడ్రోక్లోరైడ్ రూపంలో వస్తాయి, పీహెచ్ కిందకి లాగుతాయి
- 0.22 మైక్రాన్ సిరింజ్ ఫిల్టర్లు, అనుకున్నదానికి రెండింతలు
- స్పెక్ట్రోఫోటోమీటర్, 600 నానోమీటర్ల దగ్గర (ట్యూబు ఎంత మబ్బుగా ఉందో ఓడీ అనే అంకెలో చెప్తుంది, పెరుగుదలకి అదే కొలత)
- సెంట్రిఫ్యూజ్, 30 డిగ్రీల ఇంక్యుబేటర్, క్యాండిల్ జార్ (లోపల కొవ్వొత్తి వెలిగించి మూత పెట్టే డబ్బా, ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది)
- యాసిడ్‌తో కడిగిన గాజు ట్యూబులు

చివరిదాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. అదే ట్యూబులో నిన్న ఎవరో న్యూట్రియంట్ బ్రాత్ పెట్టి ఉంటారు, సబ్బుతో కడిగేసి సరిపోయిందనుకుంటారు. పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదుసార్లు కడగండి. ఈ టెస్ట్‌ని అగార్ ప్లేట్ల మీద చేద్దామనే ఆలోచన కూడా వద్దు, అగార్‌లో ఉండే మలినాలే కొంత తిండి పెడతాయి.

2. పండు నుంచి బ్యాక్టీరియా తీయడం

తాజా పండు మీద ఎల్ఏబీ తక్కువ, ఈస్ట్ ఎక్కువ. నేరుగా ప్లేట్ మీద రాస్తే ఈస్టే కమ్మేస్తది. బాగా మగ్గిన పండు తీసుకోండి, మామిడో, జామో, ద్రాక్షో, సపోటానో మీ ఇష్టం. వేసవిలో అయితే బంగినపల్లి ఎక్కడైనా దొరుకుతుంది, కానీ కడిగి మెరిపించిన సూపర్‌మార్కెట్ పండు కంటే గంపలో ఉన్నదాంట్లో దొరికే అవకాశం ఎక్కువ. తొక్కతో సహా ముక్కలు కోసి స్టెరైల్ కవర్లో గాలి పిండేసి 30 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు పులవనివ్వండి.

తర్వాత వరస ఇది:

- 10 గ్రాముల ముక్కలు 90 మి.లీ. స్టెరైల్ సెలైన్‌లో (0.85 శాతం) బాగా కలపాలి
- పది రెట్ల చొప్పున ఐదు డైల్యూషన్లు
- ఎంఆర్ఎస్ అగార్‌లో 1 శాతం ఫ్రక్టోజ్, 0.5 శాతం కాల్షియం కార్బొనేట్ కలిపి పోసిన ప్లేట్ మీద స్ప్రెడ్ చేయాలి
- ఈస్ట్ రాకుండా సైక్లోహెక్సిమైడ్ లీటరుకి 100 మి.గ్రా. (ఇది విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, పొడి తూకం వేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి)
- క్యాండిల్ జార్‌లో 30 డిగ్రీలు, 48 నుంచి 72 గంటలు

37 డిగ్రీలు ఎందుకు వద్దంటే, పండ్ల మీద బతికేవాటిలో చాలావాటికి 30 దగ్గరే సుఖం, ల్యూకోనోస్టాక్ లాంటివి 37లో మొరాయిస్తాయి.

3. అది నిజంగా ఎల్ఏబీయేనా

కాలనీ చుట్టూ ప్లేట్‌లోని తెల్లటి కాల్షియం కార్బొనేట్ కరిగి గాజులా కనిపిస్తే యాసిడ్ వస్తోందని మాత్రమే అర్థం. అసిటిక్ యాసిడ్ బ్యాక్టీరియా కూడా అదే పని చేస్తాయి, పండ్లలో అవి కావలసినన్ని ఉంటాయి. ఇవి రెండూ చూడండి: గ్రామ్ పాజిటివ్ అవ్వాలి, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే బుడగలు రాకూడదు. అసిటిక్ వాళ్ళు గ్రామ్ నెగటివ్, బుడగలు బాగా వస్తాయి.

తర్వాత డర్హామ్ ట్యూబ్‌ (గ్యాస్ పట్టడానికి లోపల తలకిందులుగా పెట్టే చిన్న ట్యూబు)తో గ్యాస్ టెస్ట్. దీనికి సిట్రేట్ తీసేసిన ఎంఆర్ఎస్ వాడాలి, లేకపోతే సిట్రేట్ నుంచి వచ్చిన గ్యాస్ చూసి గ్లూకోజ్ నుంచి వచ్చిందనుకుంటారు. పేరు కోసం 16ఎస్ సీక్వెన్సింగ్‌కి (బ్యాక్టీరియాని గుర్తుపట్టే ఒక జీన్ చదవడం) పంపండి. కానీ లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ అని రిపోర్ట్ వస్తే ఒక్క నిమిషం ఆగండి, దాని దగ్గరి చుట్టాలు పెంటోసస్, పారాప్లాంటారమ్‌లని 16ఎస్ సరిగ్గా విడదీయలేదు, రెక్-ఏ జీన్ కూడా చూడాలి. (పాత పేపర్లలో దీన్నే లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అని రాసేవాళ్ళు, పేరు మారింది 2020లో, వెతికేటప్పుడు రెండు పేర్లూ కొట్టండి.)

ప్యూర్ కల్చర్‌ని 20 శాతం గ్లిసరాల్‌లో నాలుగైదు వయల్స్ దాచేయండి. ప్రతి రౌండ్ ఆ వయల్ నుంచే మొదలవ్వాలి, ఫ్రిజ్‌లో నెల రోజులుగా ఉన్న స్లాంట్ నుంచి కాదు.

4. స్టాకులు తయారు చేయడం: తొందరపడితే ఇక్కడే దెబ్బ

మనకి కావలసింది డిఫైన్డ్ మీడియం, అంటే అందులో ఏముందో ప్రతి మిల్లీగ్రామూ మనకి తెలిసిన మీడియం. సీడీఎం అని పిలుద్దాం. అన్నీ కలిపి ఒకేసారి ఆటోక్లేవ్ చేస్తే గ్లూకోజ్, అమైనో ఆసిడ్లు కలిసి గోధుమరంగు తిరుగుతాయి, ఫాస్ఫేట్‌తో మెగ్నీషియం, ఐరన్ కలిసి అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. అందుకని విడివిడిగా చేసుకుని చివర్లో కలపాలి.

బేస్, రెండు రెట్ల గాఢత. మామూలు గాఢతలో లీటరుకి లెక్క ఇది, మీరు దీనికి రెట్టింపు వేసుకోండి:

- డైపొటాషియం ఫాస్ఫేట్ 3 గ్రా., మోనోపొటాషియం ఫాస్ఫేట్ 3 గ్రా.
- సోడియం అసిటేట్ 5 గ్రా., డైఅమ్మోనియం సిట్రేట్ 1 గ్రా.
- ట్వీన్ 80, 1 మి.లీ.
- పీహెచ్ 6.5కి సరిచేసి ఆటోక్లేవ్

లోహాలు, 100 రెట్లు. లీటరు స్టాకుకి మెగ్నీషియం సల్ఫేట్ 20 గ్రా., మాంగనీస్ సల్ఫేట్ 5 గ్రా., ఫెర్రస్ సల్ఫేట్ 1 గ్రా. ఒక చుక్క యాసిడ్ వేసి ఫిల్టర్ చేయండి. మాంగనీస్ తగ్గించొద్దు, ప్లాంటారమ్ ఆక్సిజన్ దెబ్బ నుంచి కాచుకునేది దాంతోనే.

విటమిన్లు, 100 రెట్లు. మీడియంలో చివరికి లీటరుకి నికోటినిక్ యాసిడ్, పాంటోథెనేట్, రైబోఫ్లేవిన్, థయామిన్ 1 మి.గ్రా. చొప్పున, పిరిడాక్సాల్ 2 మి.గ్రా., ఫోలిక్ యాసిడ్, పాబా (పారా అమైనో బెంజోయిక్ యాసిడ్) 0.1 మి.గ్రా. చొప్పున, బయోటిన్ 0.01 మి.గ్రా. ఉండేలా. రైబోఫ్లేవిన్ వెలుతురుకి పాడవుతుంది, సీసాకి ఫాయిల్ చుట్టండి.

బేసులు (పైన చెప్పిన బేస్ కాదు, డీఎన్ఏ, ఆర్ఎన్ఏ తయారీకి వాడేవి), 100 రెట్లు. అడెనిన్, గ్వానిన్, జాంథిన్, యురాసిల్, మీడియంలో చివరికి 10 మి.గ్రా. చొప్పున. గ్వానిన్ ఉత్త నీళ్ళలో కరగదు, 0.1 నార్మల్ (గాఢత కొలత) సోడియం హైడ్రాక్సైడ్‌లో కాస్త వేడి చేయాలి.

గ్లూకోజ్ 40 శాతం, విడిగా ఆటోక్లేవ్. సుక్రోజ్ వద్దు, ల్యూకోనోస్టాక్ అయితే దాన్ని జిగురుగా మార్చేసి ఓడీ రీడింగ్‌ని కాకి లెక్క చేస్తది.

ఇక అమైనో ఆసిడ్లు. ఒక్కోదానికి విడి స్టాకు, 100 రెట్లు, ఫిల్టర్ స్టెరిలైజ్. నేను చాలావాటికి చివరి గాఢత లీటరుకి 200 మి.గ్రా. పెట్టుకుంటాను, అంటే స్టాకు మి.లీ.కి 20 మి.గ్రా. తేడా ఉన్నవి ఇవి:

- గ్లుటామేట్: చివరికి 500 మి.గ్రా., మోనోసోడియం సాల్ట్ వాడండి, సులువుగా కరుగుతుంది. అవును, ఫ్రైడ్ రైస్‌లో పడేది అదే, కానీ కిరాణా ప్యాకెట్ మాత్రం లాబ్‌కి తేవద్దు
- ట్రిప్టోఫాన్: 50 మి.గ్రా., వెలుతురు తగలకుండా
- టైరోసిన్: 100 మి.గ్రా., నీళ్ళలో దాదాపు కరగదు, 0.2 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించాలి
- ఆస్పార్టిక్ యాసిడ్: సోడియం సాల్ట్ కొనండి లేదా హైడ్రాక్సైడ్‌తో న్యూట్రలైజ్ చేసుకోండి
- లూసిన్: 20 మి.గ్రా. అంటే కరిగే హద్దు దగ్గరే ఉంటుంది, గోరువెచ్చగా చేయండి, ఫ్రిజ్‌లో పెడితే స్ఫటికాలు వస్తాయి, వాడేముందు మళ్ళీ కరిగించాలి
- సిస్టీన్: ఆ రోజుకి ఆ రోజే. నిలవ ఉంటే గాలికి సిస్టిన్‌గా (రెండు సిస్టీన్లు జతకట్టింది) మారి అడుక్కి దిగిపోతుంది
- గ్లుటమిన్: ఇది కూడా నిలవ ఉండదు, తాజాగా చేయండి, ఎట్టి పరిస్థితిలోనూ ఆటోక్లేవ్ వద్దు

5. ముందు పూర్తి మీడియంలో పెరుగుతుందా

ఈ స్టెప్ దాటేసి నేరుగా ఒమిషన్‌కి వెళ్ళి నెల రోజులు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను, అందులో నేనూ ఒకణ్ణి. 20 అమైనో ఆసిడ్లూ ఉన్న మీడియంలో మీ స్ట్రెయిన్ వరసగా మూడుసార్లు మార్చినా 48 గంటల్లో కనీసం ఓడీ 0.8 దాకా రావాలి. రాకపోతే అమైనో ఆసిడ్ల జోలికి పోవద్దు, ముందు ఇవి చూడండి:

- గ్లూకోజ్ బదులు ఫ్రక్టోజ్ పెట్టి చూడండి. ఫ్రక్టోబాసిల్లస్ లాంటివి పేరుకి తగ్గట్టే ఫ్రక్టోజ్ ప్రియులు, గ్లూకోజ్ ఒక్కటే ఇస్తే, అదీ గాలి లేకుండా, పెరుగుదల చాలా నీరసంగా ఉంటుంది
- పీహెచ్ 5.5 నుంచి 6 మధ్య ప్రయత్నించండి
- విటమిన్ స్టాకు పాతదేమో, కొత్తది చేయండి
- 0.1 శాతం ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలిపితే లేచి కూర్చుంటే, మీ సీడీఎంలో ఏదో తక్కువైనట్టే, విటమిన్‌, బేసుల వైపు వెతకండి

డబ్బులు తక్కువగా ఉంటే 20 సీసాలు కొనే ముందు కాసమైనో ఆసిడ్స్‌తో ఒక ట్రయల్ వేయండి. అది యాసిడ్‌తో విడగొట్టిన కేసిన్, అందులో ట్రిప్టోఫాన్ నాశనమైపోయి ఉంటుంది, ఆస్పరాజిన్, గ్లుటమిన్ వాటి యాసిడ్లుగా మారిపోయి ఉంటాయి. కాసమైనో ఆసిడ్స్ ఒక్కటే ఒక ట్యూబు, ట్రిప్టోఫాన్ కలిపింది ఇంకొకటి, రెండూ పక్కపక్కన పెడితే ట్రిప్టోఫాన్ సంగతి చవగ్గా తేలిపోతుంది.

6. సెల్స్‌ని కడగడం, ఆకలికి పెట్టడం

- గ్లిసరాల్ వయల్ నుంచి ఎంఆర్ఎస్‌లో ఒక రాత్రి, అందులోంచి పూర్తి సీడీఎంలోకి 1 శాతం, ఇంకో రాత్రి
- 10 మి.లీ. కల్చర్ తీసుకుని సెంట్రిఫ్యూజ్‌లో 10 నిమిషాలు, పైనీళ్ళు పూర్తిగా పారబోయాలి
- 10 మి.లీ. స్టెరైల్ సెలైన్‌లో కలిపి మళ్ళీ తిప్పాలి, ఇలా మూడుసార్లు
- చివరి పెల్లెట్‌ని అమైనో ఆసిడ్లు లేని, గ్లూకోజ్ ఉన్న సీడీఎంలో కలిపి 30 డిగ్రీల దగ్గర 2 గంటలు
- మళ్ళీ తిప్పి, సెలైన్‌తో ఓడీ 1.0కి సర్దాలి

మూడుసార్లు ఎందుకంటే, ప్రతిసారీ పెల్లెట్ దగ్గర 0.2 మి.లీ. పాతనీళ్ళు మిగిలినా 50 రెట్లు పలుచనవుతుంది, మూడుసార్లకి లక్షా పాతిక వేల రెట్లు. బయటి తిండి పోయినట్టే. సెల్ లోపల దాచుకున్నది మాత్రం కడిగితే పోదు, ఆ రెండు గంటల ఆకలి అందుకే, రెండో ట్రాన్స్‌ఫర్ కూడా అందుకే.

7. ట్యూబులు వేయడం

మొత్తం 22 రకాల మీడియం: పూర్తిది ఒకటి, అమైనో ఆసిడ్లు అసలు లేనిది ఒకటి, ఒక్కొక్కటి తీసేసినవి 20. ఒక్కో రకం 20 మి.లీ. చేస్తే 5 మి.లీ. చొప్పున మూడు ట్యూబులు, ఒక బ్లాంక్ (బ్యాక్టీరియా వేయని ట్యూబు). 20 మి.లీ.కి లెక్క:

- రెండు రెట్ల బేస్ 10 మి.లీ.
- అమైనో ఆసిడ్ స్టాకులు 0.2 మి.లీ. చొప్పున, మొత్తం 4 మి.లీ.
- లోహాలు, విటమిన్లు, బేసులు 0.2 మి.లీ. చొప్పున
- గ్లూకోజ్ 0.5 మి.లీ.
- స్టెరైల్ నీళ్ళు 4.9 మి.లీ.

తీసేసిన అమైనో ఆసిడ్ బదులు 0.2 మి.లీ. అది కరిగిన ద్రావణమే వేయాలి. అంటే వాలిన్ లేనిదాంట్లో నీళ్ళు, టైరోసిన్ లేనిదాంట్లో 0.2 నార్మల్ హైడ్రాక్సైడ్. లేకపోతే ఆ ఒక్క సెట్‌లో పీహెచ్ వేరే ఉంటుంది. కలపడం అయ్యాక ప్రతి రకంలోంచి కొంచెం తీసి పీహెచ్ చూడండి, విసుగే కానీ చూడండి.

ఇంకో సంగతి, పిపెట్ టిప్. ఒకసారి నేను రాత్రి పదింటికి, కరెంట్ వస్తూ పోతూ ఉంటే, తొందర్లో లూసిన్ టిప్‌తోనే ఐసోలూసిన్ కూడా వేసేశాను, రెండు రోజుల తర్వాత లూసిన్ లేని ట్యూబులన్నీ మబ్బుగా ఉన్నాయి, వారం పాటు నా స్ట్రెయిన్ లూసిన్ తయారు చేసుకుంటుందని అందరికీ చెప్పుకుని తిరిగాను. ఐసోలూసిన్ సీసాలోకి లూసిన్ పడిపోయిందని కొత్త స్టాకు చేసినప్పుడు గానీ తెలీలేదు. అప్పట్నుంచి ఒక చార్ట్ ప్రింట్ తీసి, వేసిన ప్రతి గడినీ పెన్సిల్‌తో కొట్టేస్తూ పోతాను.

చివరగా ఓడీ 1.0 కల్చర్ 50 మైక్రోలీటర్లు ప్రతి ట్యూబుకి, బ్లాంక్‌కి తప్ప. మొదలయ్యే ఓడీ 0.01 అవుతుంది. 30 డిగ్రీలు, కదపకుండా.

8. రెండో ట్రాన్స్‌ఫర్

24 గంటలకి, 48 గంటలకి ఓడీ రాసుకోండి. 48 గంటలప్పుడు ప్రతి ట్యూబు నుంచి 50 మైక్రోలీటర్లు తీసి అదే రకం కొత్త 5 మి.లీ. ట్యూబులో వేయండి. మళ్ళీ 48 గంటలు. వంద రెట్లు పలుచన చేశాక మళ్ళీ పాత చోటికి రావాలంటే సెల్స్ ఆరేడు సార్లు రెట్టింపు అవ్వాలి, అప్పటికి లోపల దాచుకున్నది అయిపోతుంది.

అమైనో ఆసిడ్లు అసలు లేని ట్యూబు మీ కాపలాదారు. రెండో రౌండ్‌లో కూడా అది మబ్బుగా ఉంటే ఎక్కడో కలుషితం ఉంది, మొత్తం రౌండ్ పక్కన పెట్టేయండి.

9. లెక్క, తీర్పు

బ్లాంక్ తీసేసిన ఓడీని పూర్తి మీడియం ఓడీతో భాగించి వందతో గుణించండి. ఓడీ 0.8 దాటితే పలుచన చేసి చదవాలి. నేను వాడే గీతలు: 20 శాతం లోపు అయితే తప్పనిసరి, 20 నుంచి 70 అయితే ఊతం ఇచ్చేది, 70 పైన అయితే లేకపోయినా పర్వాలేదు. ఒక్కో పేపర్‌లో ఒక్కో గీత ఉంటుంది, మీది ఏదో థీసిస్‌లో ముందే రాసేయండి.

ఊరికే ఒక ఉదాహరణ. మెథియోనిన్ లేని ట్యూబు మొదటి రౌండ్‌లో 0.78, పూర్తిది 1.20, అంటే 65 శాతం, ఊతం అనుకుంటారు. రెండో రౌండ్‌లో 0.20, పూర్తిది 1.15, అంటే 17 శాతం. తీర్పే మారిపోయింది. మొదటి రౌండ్ దగ్గర ఆగిపోయి ఉంటే?

మీ ఫలితం దారిలోనే ఉందా అని చూసుకోడానికి కొన్ని గుర్తులు. ప్లాంటారమ్ అయితే లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ మూడూ సాధారణంగా తప్పనిసరి లిస్టులో ఉంటాయి, శాస్త్రవేత్తలు బాగా పరిశోధించిన డబ్ల్యూసీఎఫ్ఎస్1 స్ట్రెయిన్ జీనోమ్‌లో ఈ మూడింటి తయారీ దారే లేదు. గ్లుటామేట్ కూడా చాలా ఎల్ఏబీకి కావాలి, వాటిలో క్రెబ్స్ సైకిల్ తెగిపోయి ఉంటుంది కాబట్టి గ్లుటామేట్‌కి ముడిసరుకైన ఆల్ఫా కీటోగ్లుటరేట్ సొంతంగా రాదు. మిగతావి స్ట్రెయిన్‌ని బట్టి మారతాయి.

10. అనుమానించాల్సిన ఫలితాలు

ఆర్జినిన్ ఒకసారి కావాలంటుంది, ఒకసారి వద్దంటుంది. కార్బన్ డయాక్సైడ్ చూడండి. ఆర్జినిన్, యురాసిల్ రెండిటికీ కార్బమాయిల్ ఫాస్ఫేట్ కావాలి, దానికి ఈ గ్యాస్ ముడిసరుకు. ప్లాంటారమ్ స్ట్రెయిన్లు కొన్ని మామూలు గాలిలో ఆర్జినిన్ అడుగుతాయి, గ్యాస్ ఎక్కువ ఉన్నచోట అడగవు. సగం ట్యూబులు క్యాండిల్ జార్‌లో, సగం బయట పెట్టారంటే మీరు రెండు వేరే ప్రయోగాలు చేసినట్టు.

అలనిన్ తప్పనిసరి అని వచ్చింది. బీ6 విటమిన్ తగ్గిందేమో చూడండి. అలనిన్ ఎంజైములకి పిరిడాక్సాల్ (బీ6లో ఒక రూపం) కావాలి, అది లేకపోతే బయటి నుంచి అలనిన్ అడుగుతుంది. అది విటమిన్ లోటు, అమైనో ఆసిడ్ అవసరం కాదు.

ఒకటి తీసేస్తే పూర్తి మీడియం కంటే ఎక్కువ పెరిగింది. ఇది నిజం కావచ్చు. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ ఒకే ద్వారం గుండా లోపలికి వెళ్తాయి, ఒకటి మరీ ఎక్కువైతే మిగతా రెండిటికి దారి దొరకదు. ఎక్కువ ఉన్నదాని మోతాదు సగం చేసి మళ్ళీ పెట్టండి.

ఓడీ తక్కువ, కానీ పీహెచ్ పెరిగింది. కొన్ని స్ట్రెయిన్లు ఆర్జినిన్‌ని విరగ్గొట్టి అమ్మోనియా వదులుతాయి, కొన్ని గ్లుటామేట్‌ని గాబాగా (గామా అమైనో బ్యూటిరిక్ యాసిడ్) మారుస్తాయి. ఓడీ పక్కన పీహెచ్ కాలమ్ ఉంటే ఇవి ఇట్టే పట్టుబడతాయి.

మూడు ట్యూబుల్లో రెండు తేటగా, ఒకటి మబ్బుగా. సగటు తీయొద్దు. ఆ ట్యూబుని గ్రామ్ స్టెయిన్ చేయండి, ఈస్టో, మీ స్ట్రెయిన్ కాని వేరే బ్యాక్టీరియానో కనపడే అవకాశమే ఎక్కువ. మీ స్ట్రెయినే అయితే మ్యుటేషన్ కావచ్చు, దాన్ని వయల్‌లో దాచండి.

11. తిరిగి కలిపి చూడటం, తర్వాత పండ్ల రసంలో

తేటగా మిగిలిన ప్రతి ట్యూబులో 0.05 మి.లీ. ఆ లేని అమైనో ఆసిడ్ స్టాకు వేయండి. 24 గంటల్లో మబ్బు పట్టాలి. పట్టకపోతే సెల్స్ చచ్చిపోయాయో, ఇంకేదో తక్కువైందో, ఆ అమైనో ఆసిడ్‌ని తప్పనిసరి లిస్టులో రాయకండి. ఎంత కావాలో తెలుసుకోడానికి 0, 5, 10, 25, 50, 100 మి.గ్రా. చొప్పున లీటరుకి ఒక వరస పెట్టండి.

చివరిది పండు దగ్గరికి తిరిగి వెళ్ళడం. రసంలో అమైనో ఆసిడ్లు ఉండవని కాదు, ఉన్నవి మన బ్యాక్టీరియాకి పనికొచ్చేవి కాకపోవచ్చు. కమలా రసంలో, ద్రాక్ష రసంలో ప్రోలిన్ బోలెడు, కానీ తప్పనిసరి లిస్టులో అది ఎప్పుడో గానీ కనపడదు. మీ రసాన్ని ఫిల్టర్ చేసి పీహెచ్ 5.5కి తెచ్చి నాలుగు రకాల ట్యూబులు వేయండి:

- ఉత్త రసం
- రసం, మీ లిస్టులో తప్పనిసరి అని తేలినవి
- రసం, లేకపోయినా పర్వాలేదని తేలినవి
- రసం, 0.5 శాతం ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్

రెండోది నాలుగోదానికి దగ్గరగా వచ్చి మూడోది మొదటిదాని దగ్గరే ఉండిపోతే మీ లిస్టు పండులో కూడా నిలబడినట్టు. రెండోది కూడా పడుకుంటే ఆ రసంలో కొరత అమైనో ఆసిడ్లది కాదు, విటమిన్ల స్టాకు 1 శాతం కలిపి ఐదో ట్యూబు వేయండి.